జారుమన్ను మీద చావిల్లు

నడి వానాకాలంలో ఊట ఎండిపోయింది.

జోథన్‌పారి నుదుటి పట్టీ తీసి, దానికి వేలాడే వీపు మీది నీళ్ళ డబ్బాల బుట్ట కింద పెట్టి, రాళ్ళ సందులోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చింది. చెమ్మ తగిలింది గానీ నీళ్ళు తగల్లేదు. వేళ్ళకి పసుపుపచ్చ బురద వెన్నలా అంటుకుని వచ్చింది.

వానలు మొదలైంది మొదలు తెరిపి లేదు. ఇంత వానకి ఊట పొంగి దారి మీద పారాలి. పారలేదంటే ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు. కొండ కడుపులోనే ఉన్నాయి.

త్లాంగ్‌ఛిప్ ఊళ్ళో పారి ఈ వాలు మీదే అల్లం వేసి బతుకుతోంది. ఈ మన్ను పొగరు ఆమెకి తెలుసు. అడుగున ఉన్నది ఒండ్రురాయి. పేరుకే రాయి, వేళ్ళతో నొక్కితే బిస్కెట్టులా పొరలు పొరలుగా విరుగుతుంది. ఆ రాయే ఎండకీ వానకీ కుళ్ళి కుళ్ళి పైన బంకమన్ను అయి కూర్చుంది. ఎండాకాలం దాని మీద గునపం వేస్తే గునపమే వంగుతుంది, చెయ్యి పట్టేంత బీటలు నోరు తెరుచుకుని ఉంటాయి. తొలకరి నీళ్ళు ఆ బీటల్లోంచి తిన్నగా అడుక్కి దిగిపోతాయి. ఆ తర్వాత పైమన్ను తడిసి ఉబ్బి బీటలు మూసుకుంటాయి. లోపలికి పోయింది లోపలే. ఇంకా కిందికి దిగుదామంటే కుళ్ళురాయి తాగదు. అప్పుడు మన్నుకీ రాయికీ నడుమ సబ్బు పూసినట్టు ఒక పొర లేస్తుంది. ఆ పొర మీద కొండ కూర్చుని ఉంటుంది, ఎప్పుడు జారుదామా అని.

ఇదేం పారికి ఒక్కదానికే తెలిసిన రహస్యం కాదు. ఊళ్ళో పార పట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆమె తలెత్తి చూసింది. ఊట పక్కనే జీపుదారి కోసం నిలువునా కోసిన గట్టు. గట్టు పైన సమాధుల వాలు. ఆ వాలు నెత్తి మీద, ఊరి పెద్దదారిని ఆనుకుని ఒక వరస ఇళ్ళు. ముందు గుమ్మాలు దారి మీద ఉంటే వెనక సగాలు పొడుగాటి గుంజల మీద గాలిలో నిలబడి ఉన్నాయి. ఆ వరసలో నడిమి ఇల్లు హ్రాంగ్‌కపాది. తెల్లవారుతుండగా హ్రాంగ్‌కపా పోయాడు. మైకులో చాటింపు విన్నాక ఊళ్ళో సగం మంది ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళకి టీ నీళ్ళు తేవడానికే పారి ఇంత కిందికి దిగింది.

ఈ జీపుదారి వేయించిందీ హ్రాంగ్‌కపాయే. పిల్లల ఆటస్థలం దాకా దారి కావాలని ఊరందరినీ శ్రమదానానికి పిలిచాడు. పిలిస్తే రానివాడు ఇక్కడ మనిషి కింద లెక్క కాదు కాబట్టి అందరూ వచ్చారు. వాలు కాలు నరక్కండ్రా, పైనున్నదంతా కూలుతుంది అని పారి పారల ముందు అడ్డంగా పడుకుంది. కుర్రాళ్ళు నవ్వుకుంటూ ఆమెని చాపలా ఎత్తి పక్కన పెట్టి తవ్వుకున్నారు. ఆ రోజు హ్రాంగ్‌కపాని ఆమె తిట్టిన తిట్లు రెండు కొండల అవతలికి వినిపించాయి. ఆయన పెళ్ళాం కాప్‌మావి పారికి వరసకి వదిన. ఆ రోజు నుంచి పారితో మాటల్లేవు.

బుట్ట అక్కడే వదిలేసి పారి వాలెక్కింది. రెండడుగులకే చెప్పులు పోయాయి. ఈ మన్ను చెప్పు పట్టుకుంటే వదలదు.

సమాధుల మధ్య టార్పాలిన్ కట్టుకుని యువజన సంఘం కుర్రాళ్ళు గొయ్యి తవ్వుతున్నారు. ఎవరు పోయినా గొయ్యి వాళ్ళదే. కూలీ లేదు, వానా ఎండా అన్న మాట లేదు. వాళ్ళ నాయకుడు రోమింగా, పారి తమ్ముడు, నడుము లోతు గోతిలో నిలబడి అరుస్తున్నాడు.

"ఈ కొలకర్ర నరికిన మొనగాడెవడ్రా?"

"నువ్వే అన్నా."

"నేను నరికింది సరిగ్గానే ఉంది. టీకి ముందు సరిపోయింది. ఇప్పుడెందుకు పట్టట్లేదు? కర్ర పెరిగిందా?"

"కర్ర కాదు, పెద్దాయన పెరుగుతున్నాడేమో. బతికుండగా ఎవరి మాటా వినలేదు, ఇప్పుడింటాడా?"

అందరూ నవ్వారు. పారి నవ్వలేదు. గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. పెట్టె పొడుగుకి నరికిన వెదురుకర్ర గోతిలో ఐమూలగా ఇరుక్కుని ఉంది. బెత్తెడు తక్కువైంది గొయ్యి. పైవాలు వైపు గోడ కడుపుతో ఉన్నదానిలా ముందుకి ఉబ్బింది. అడుగున నీలం బూడిదరంగు పొర ఒకటి తడితడిగా మెరుస్తోంది. పారి చెయ్యి చాపి వేలితో తుడిచింది. అద్దంలా నున్నగా ఉంది. దాని మీద గోళ్ళతో గీకినట్టు గీతలు, ఒక్కటి తప్పకుండా అన్నీ కిందివాలు వైపే.

"రోమీ, పైకి రా."

"ఇంకొంచెం చెక్కితే..."

"చెక్కకు. పైకి రారా! కర్రా పెరగలేదు, ఆయనా పెరగలేదు. గొయ్యి మూసుకుంటోంది. పైనున్న మన్నంతా దీని మీదికి నడిచొస్తోంది."

నవ్వులు ఆగిపోయాయి. రోమింగా ఉబ్బిన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించిన చెయ్యి తీసి, చూసుకుని, గబుక్కున పైకి ఎగబాకాడు. పైకైతే వచ్చాడు గానీ పార వదల్లేదు.

"గొయ్యి సగంలో వదిలేసి పోతే ఊళ్ళో తలెత్తుకుంటామా అక్కా? మా ముందు ఏ జట్టూ వదల్లేదు."

"గొయ్యి ఎక్కడికీ పోదు... పోతుందిలే, అదే పోతుంది. నువ్వు పైకి చూడు."

పైన హ్రాంగ్‌కపా ఇంటి వెనక గుంజలు వానలో నల్లగా కనిపిస్తున్నాయి. నిటారుగా ఉండాల్సినవి మోకాలు మడిచిన మనిషిలా ముందుకి ఒరిగి ఉన్నాయి. ఆ గుంజల మీద నేల, ఆ నేల మీద జనం. డోలు వినిపిస్తోంది. పాట వినిపిస్తోంది.

*

హ్రాంగ్‌కపా ఇంటి గుమ్మానికీ దారికీ మధ్య నేల విడిపోయింది. పొద్దున అది గీత. ఇప్పుడు అందులో ఎర్రనీళ్ళు నిండి కాలువలా ఉంది. ఊరి జనం ఏం చేశారు? దాని మీద ఒక చెక్కపలక వేశారు. పలక మీంచి నడిచి లోపలికి పోతున్నారు. తడిసిన గొడుగులు నీళ్ళు కారడానికి ఆ బీటలోనే గుచ్చి పెట్టారు! ఆ గొడుగుల్ని చూసి పారికి ఒళ్ళు మండిపోయింది.

లోపల కాలు పెట్టే చోటు లేదు. నడిమధ్య మంచం మీద హ్రాంగ్‌కపా పడుకుని ఉన్నాడు, చుట్టాలు తెచ్చి కప్పిన నేతదుప్పట్లు గడ్డం దాకా. తలవైపు కాప్‌మావి. చుట్టూ ఆడవాళ్ళు భుజం భుజం రాసుకుని కూర్చుని పాడుతున్నారు. గుమ్మం పక్కన ఊరి సంఘపెద్ద లియాన్‌జామా ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు.

పారి ఆయన చెవిలో అంది. "పెద్దాయనా, ఊట ఎండింది. గొయ్యి మూసుకుంటోంది. ఇల్లు ఖాళీ చేయించు."

లియాన్‌జామా నెమ్మదిగా తల తిప్పాడు. "పోయినేడు కూడా ఇట్టాగే అన్నావు పారీ. నీ మాట విని అందరం పోయి బడిలో పడుకున్నాం. కొండ కదల్లేదు గానీ నా కోళ్ళు కదిలిపోయాయి. ఇప్పటిదాకా దొంగ దొరకలేదు."

"కోళ్ళ సంగతి తర్వాత మాట్లాడదాం. నువ్వు కూర్చున్న పీట చూసుకో."

ఆయన చూసుకున్నాడు. పీట మూడో కాలు గాలిలో ఉంది. ఆయనకే తెలియకుండా కాలితో నేల తన్నిపెట్టి కూర్చున్నాడు. ముసలాయన గొంతు తగ్గించాడు.

"నాకు భయం లేదనుకున్నావా? ఇందాకటి నుంచి నేల కిర్రుమంటోంది, నేనూ వింటున్నాను. వినేవాళ్ళు నేనొక్కణ్ణే కాదు, అందరూ వింటున్నారు. అందుకే అంత గట్టిగా పాడుతున్నారు. కానీ ఎవరు ముందు లేస్తారు? నేను లేస్తే, శవాన్ని వదిలి సంఘపెద్దే పారిపోయాడంటారు. నా మనవడికి పిల్లనివ్వరు."

"చస్తే మాత్రం ఇస్తారా?"

"కాప్‌మావి లేస్తే అందరూ లేస్తారు. ఆవిడ లేవదు. కూతురు సాంగి ఐజోల్ నుంచి బయల్దేరింది. జీపు బురదలో దిగబడిందట, దిగి నడిచొస్తోందట. అది వచ్చి తండ్రి మొహం చూసేదాకా ఈ మంచం కదలదని ఒట్టు పెట్టుకుంది. నువ్వెళ్ళి చెప్పు చూద్దాం. నీ మొహం చూస్తే ఇంకాస్త బిగుసుకుంటుంది."

అది నిజం. కాప్‌మావి అప్పటికే పారిని చూసింది, చూసి మొహం తిప్పుకుంది.

పారి ఒక్క నిమిషం నిలబడి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆమెకి నిలబడి ఆలోచించే గుణం లేదు. చాటింపు మైకు ఉన్న గదికి పరిగెత్తింది. అక్కడి మనిషి "రాసి తీసుకొస్తే చదువుతాను" అంటుండగానే అతణ్ణి పక్కకి నెట్టి మైకు లాక్కుంది.

"ఊరి జనం వినండి! హ్రాంగ్‌కపా ఇల్లు జారుతోంది. చావిల్లు ప్రమాదంలో ఉంది. సమాధుల వాలు మొత్తం కదిలింది. వింటున్నారా? ఇల్లు పడిపోబోతోంది!"

కొండ కొండంతా ఆమె గొంతు మారుమోగింది. ఇక తోసుకుంటూ బయటికి వచ్చేస్తారు అనుకుని వానలోకి పరిగెత్తుకొచ్చింది.

జనం వస్తున్నారు. బయటికి కాదు, లోపలికి.

పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు, పందుల దొడ్డి దగ్గర ఉన్నవాళ్ళు, జ్వరంతో ముసుగు తన్నినవాళ్ళు, ఇంతవరకు చావింటికి రాని మిగతా సగం ఊరు, అందరూ పరిగెత్తుకొస్తున్నారు. చావిల్లు ప్రమాదంలో ఉందని చెవిన పడ్డాక ఇంట్లో కూర్చున్నవాడు ఇక్కడ మనిషేనా? భుజాల మీద వెదురు బొంగులు, చేతుల్లో తాళ్ళు, కత్తులు. "ఇంటికి ఊతం పెట్టండి!" "వెనక గుంజలు పట్టండ్రా!" పలక మీంచి ఒకరి వెనక ఒకరు లోపలికి దూరుతున్నారు, ఆపదలో ఉన్న కాప్‌మావి ఒంటరి కాకూడదని. సమాధుల దగ్గరి కుర్రాళ్ళని వెంటేసుకుని రోమింగా ఇంటి అడుగుకి దూరిపోయాడు, గుంజలకి బొంగులు దన్ను పెట్టడానికి.

"పోండి! లోపలికి కాదు, అవతలికి పోండి!" పారి పలక మీద చేతులు చాపి నిలబడింది.

ఒక లావాటావిడ ఆమె చెయ్యి కిందినుంచి దూరుతూ అంది, "నువ్వే కదే పిలిచావు?"

పారికి ఏడుపొచ్చింది. ఏ కొండా చెయ్యలేని పని తన నోరు చేసింది. ఉన్న బరువు మీద ఇంకో అంత బరువు తెచ్చి పెట్టింది. ఎవరి పరువు వాళ్ళు గట్టిగా పట్టుకుని ఊరంతా ఒక కుళ్ళురాయి మీద కూర్చుంది. పొమ్మంటే పోరు. పొమ్మన్నకొద్దీ వస్తారు. ఈ ఊరికి భయం నేర్పలేం. చావంటే లెక్క లేదని కాదు. లేచి వెళ్ళిన మొదటి మనిషి అనిపించుకోవడం చావుకన్నా ఎక్కువ.

లోపల ఎక్కడో పెళ్ళుమంది. పాట ఒక్క క్షణం తెగింది. డోలు వాయించే మనిషి దెబ్బ ఇంకా గట్టిగా వేశాడు. పాట మళ్ళీ అందుకుంది.

శవాన్ని వదిలి ఎవరూ లేవరు. ఆ మాట పారి బుర్రలో తిరగబడింది. శవాన్ని వదలరు. అంటే శవం ఎటు పోతే అటు పోతారు.

*

మనుషుల మోకాళ్ళు తొక్కుకుంటూ పారి మంచం దాకా పోయింది. బురద కాళ్ళతోనే కాప్‌మావి ఎదురుగా కూలబడింది. పక్కనున్న టీ గ్లాసు దానంతటదే వెనక గోడ వైపు జారుతోంది. ఎవరో చూడకుండానే చెయ్యి పెట్టి ఆపారు.

"వదినా."

కాప్‌మావి పాట ఆపలేదు.

"వదినా, అన్నని ఇక్కణ్ణుంచి తీసుకుపోదాం. బడికి పోదాం. అక్కడ కింద గట్టిరాయి ఉంది."

పాట ఆగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళవీ ఆగాయి. కాప్‌మావి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం పొడిగా ఉంది.

"ఇన్నాళ్ళకి వదినంటూ వచ్చావు. ఎందుకొచ్చావో నాకు తెలుసు. బతికుండగా ఆయన మీద గెలవలేకపోయావు. చచ్చాక గెలవాలా నీకు?"

"గెలవడానికి రాలేదు."

"ఊరందరి ముందూ, శవం సాక్షిగా, ఆయన కోయించిన దారి వల్లే ఇల్లు పోయిందనిపించాలి. అంతేగా? మైకులో అరిచావు కదా, చాల్లేదా?"

"రేపు నన్ను నడిబజార్లో నిలబెట్టి తిట్టు. చెప్పుతో కొట్టు. ఇప్పుడు లే."

"సాంగి రావాలి. తండ్రిని ఆయన ఇంట్లో చూడాలి. పడితే పడనీ, ఆయనతోనే పోతాను. నీకెందుకు?"

నీకు పోవడం తేలికే, అని అరవబోయింది పారి. నాలిక చివరి దాకా వచ్చింది. ఆమె వెనక ఒక పసిపిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. పారి మాట మింగి వేరే మాట అంది, మామూలు గొంతుతో. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"సరే, నువ్వు పోతావు. అన్న పోతాడు. ఈ బంకమన్ను అన్నని ఎక్కడో అడుగున తొక్కేస్తుంది. ఆ తర్వాత ఏమవుతుంది వదినా?"

కాప్‌మావి మంచం కోడు పట్టుకుంది.

"శవం దొరికేదాకా కుర్రాళ్ళు ఊరుకుంటారా? జారుతున్న మన్నులోకే దిగుతారు. వద్దన్నా దిగుతారు. తవ్వుతుంటే మళ్ళీ జారుతుంది. అన్నే ఎన్నిసార్లు దిగాడు అట్టాగా? అవతలి కొండ జారినప్పుడు మనవాళ్ళ శవాల కోసం వారాల తరబడి బురదలో ఉండి, జబ్బు తెచ్చుకున్నది ఆయన కాదూ? ఆయన కోసం దిగకుండా ఉంటారా? మొదట దిగేది నా తమ్ముడు. ఇప్పుడు కూడా నీ నేల కిందే ఉన్నాడు, గుంజకి భుజం పెట్టి. నువ్వు కదలందే వాడు కదలడు."

కింద నుంచి, సరిగ్గా వాళ్ళ మోకాళ్ళ కింద నుంచి, రోమింగా గొంతు పలకల సందుల్లోంచి వచ్చింది. "ఇటు తియ్యండ్రా! ఇటు! బొంగు జారుతోంది!"

కాప్‌మావి నేలకేసి చూసింది. ఆ తర్వాత మొగుడి మొహంకేసి చూసింది. జారిన దుప్పటి అంచు సర్ది, రెండు చేతులూ నేలకి ఆనించి, లేచి నిలబడింది.

"ఎత్తండి," అంది. "మంచంతోనే ఎత్తండి. డోలు ఆపొద్దు."

అంతే. వానకీ కొండకీ పారి అరుపులకీ లేవని ఊరు ఒక్కసారిగా లేచింది. నేల ఊగింది. "నెమ్మది! ఒక్కసారే లేవకండి!" అని లియాన్‌జామా మొట్టమొదటిసారి కేక వేశాడు. ఆరడుగుల మనుషులు మంచం కోళ్ళు పట్టారు.

మంచం గుమ్మం దగ్గర ఇరుక్కుంది. ఇల్లు మెలిపడి ద్వారబంధం పక్కకి వాలిపోయింది, తలుపు సగమే తెరుచుకుని బిగుసుకుపోయింది. ఒకడు భుజంతో గుద్దాడు. కదల్లేదు. వెనక నుంచి జనం నెడుతున్నారు, ముందు దారి లేదు. ఎవరో శవాన్ని మంచం మీంచి దించి ఏటవాలుగా తిప్పుదామన్నారు. ఇంకెవరో అది అపచారమన్నారు. ఆ నడుమ కూడా వాదన! పారి పళ్ళు కొరుక్కుంది.

కాప్‌మావి పొయ్యి పక్క గూట్లోంచి కత్తి తీసుకొచ్చి ముందువైపు తడికగోడ మీద వేసింది. ఆ గోడ హ్రాంగ్‌కపా తన చేత్తో అల్లింది. రెండో వేటు వెయ్యలేక ఆగిపోయింది. పారి ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని నరికింది. కుర్రాళ్ళు కాళ్ళతో తన్నారు. గోడ దారి మీదికి వాలి పడింది, బీట మీద వంతెనలా. హ్రాంగ్‌కపా దాని మీంచి బయటికి వెళ్ళాడు.

ఆయన వెనక కాప్‌మావి, ఆమె వెనక డోలు, డోలు వెనక జనం. పరిగెత్తమంటే ఒక్కరూ పరిగెత్తలేదు, శవం ముందు పరిగెత్తడం ఏమిటని. వానలో పాట పాడుకుంటూ నడిచారు. పారి తడిక పక్కన నిలబడి ఒక్కొక్కర్నీ భుజం పట్టి అవతలికి లాగింది. ఆ లావాటావిడ దాటుతూ, "ముందే ఇట్టా చెప్పొచ్చు కదే," అంది. చివరికి లియాన్‌జామా మిగిలాడు. ఆఖరున బయటికి రావడం తన హక్కు అన్నట్టు ముక్కాలిపీట చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పారి ఆయన చొక్కా పట్టి ఈడ్చింది.

అప్పుడు ఇంటి మూలకి పరిగెత్తి కిందికి వంగింది.

"రోమీ! శవం బయటికి పోయింది! రండి పైకి!"

"నిజంగా పోయిందా?"

"డోలు ఎక్కడ వినిపిస్తోందో వినరా వెధవా!"

వాళ్ళు విన్నారు. డోలు దారి మీద, బడి వైపు నుంచి వినిపిస్తోంది. అది విన్నాకే బొంగులు వదిలారు. మోకాలు లోతు బురదలో నాలుగు కాళ్ళ మీద పాకుతూ పైకి వచ్చారు. కుర్రాళ్ళందరినీ పైకి ఎక్కించి రోమింగా ఆఖరున వచ్చాడు. పారి అతని మణికట్టు పట్టుకుంది. చెయ్యి సబ్బులా జారింది. జుట్టు పట్టుకుంది. జుట్టు పట్టే లాగింది. అతను దారి మీద పడి మూలుగుతుండగా వెనక గుంజల్లో ఒకటి నెమ్మదిగా, మర్యాదగా అన్నట్టు, పక్కకి వంగింది.

ఉరుములా వస్తుందనుకున్నారు అందరూ. అలా రాలేదు. పొయ్యి మీది జావ పొంగి అంచు దాటినట్టు వాలంతా ఒక్క ముద్దగా కిందికి నడిచింది. దాని మీది చెట్లు నిలబడే నడిచాయి. ఇల్లు కూడా కాసేపు నిలబడే పోయింది, గోడలు ఉండగానే, పొయ్యిలోంచి పొగ వస్తుండగానే. ఆ తర్వాత మడత పడింది. పక్క ఇళ్ళ వెనక సగాలు దాని వెంట పోయాయి. సమాధులు పోయాయి. జీపుదారి ఎక్కడుండేదో ఇక తెలియదు. వెదుర్లు విరుగుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వచ్చింది.

రోమింగా తల రుద్దుకుంటూ లేచి కూర్చున్నాడు. "జుట్టు ఊడిపోయిందక్కా," అన్నాడు, ఏడుస్తూ.

*

బడి పెద్దగదిలో బల్లలు పక్కకి జరిపి మంచం దించారు. తడిసిన దుప్పట్లు తీసి, ఎవరి ఇంట్లోంచి వాళ్ళు పొడివి తెచ్చి కప్పారు. కాసేపటికి ఐజోల్ వైపు దారిలోంచి సాంగి వచ్చింది, తొడల దాకా ఎర్రమన్నుతో, చెప్పుల్లేకుండా. ఇల్లు ఎక్కడని అడగలేదు. గుమ్మంలో నిలబడి మంచం చూసి, వెళ్ళి తండ్రి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ పిల్ల ఏడుపు చూసి ఊరంతా మళ్ళీ ఏడ్చింది.

పారి గుమ్మం బయట చూరు కింద నిలబడింది. గదిలోకి వెళ్ళాలో లేదో తెలియలేదు. చావిల్లు అంటే ఇప్పుడు ఇదే. లోపల కూర్చునే హక్కు తనకి ఉందో లేదో చెప్పాల్సింది ఒక్క మనిషే.

ఆ మనిషి లోపలి నుంచే పిలిచింది. "పారీ."

పారి లోపలికి వెళ్ళింది. జనం దారి ఇచ్చారు. కాప్‌మావి తలెత్తకుండానే అంది, "ఆ దారి ఆయన పిల్లల ఆట కోసం వేయించాడు."

"అవును వదినా. పిల్లల కోసమే."

"స్వార్థం లేదు ఆయనకి."

"లేదు."

పారి అక్కడితో ఊరుకోవచ్చు. లియాన్‌జామా ఊరుకోమని కళ్ళతో సైగ కూడా చేశాడు. కాప్‌మావి ఇప్పుడు తలెత్తింది.

"తర్వాతి మాట కూడా అను. నీ గొంతులో ఉంది, నాకు కనిపిస్తోంది."

"కానీ వాలు కాలు నరికాడు," అంది పారి. "మనందరి చేతా నరికించాడు. రేపు అవతలి వాలు కూడా నరుకుతామంటారు. నేను మళ్ళీ అడ్డం పడుకుంటాను."

ఎవరో "ఇప్పుడా ఈ మాటలు" అని గొణిగారు. కాప్‌మావి మొగుడి మీది దుప్పటి మడత సరిచేసింది.

"నరికాడు," అంది చివరికి. ఆ మాట అనడానికి ఆమెకి ఇల్లు పోగొట్టుకున్నంత కష్టమైంది. తర్వాత మోకాలు కొద్దిగా పక్కకి జరిపింది. చాప మీద ఒక మనిషికి చోటు వచ్చింది. "కూర్చో. ఈ పాటన్నా వచ్చా, అరుపులొక్కటేనా నీకు?"

పారి గొంతు పాటకి పనికొచ్చేది కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె కూర్చుని, కాప్‌మావి భుజానికి భుజం ఆనించి, అందరికన్నా గట్టిగా ఎత్తుకుంది.